మూత పొంగాలంటే ఆవిరి ఎటు పోవాలి?

డాలస్‌లో ఉండే మా మేనకోడలు థాంక్స్‌గివింగ్ మర్నాడు ఒక ఫొటో పంపింది. ముందురోజు, అంటే నవంబరు నాలుగో గురువారం, వాళ్లింట్లో కాల్చిన టర్కీ కోడిలో సగానికి సగం మిగిలిపోయిందట. ఆ మాంసాన్ని పీచులుగా చీల్చి, మిగిలిన క్యారెట్, బఠాణీ, పుట్టగొడుగులు కలిపి, మరుగుతున్న గ్రేవీ పోసి, పైన పఫ్ పేస్ట్రీ షీటు మూతలా కప్పి 'పాట్ పై' అనే వంటకం చేసింది. ఫొటోలో మూత పైభాగం ఎర్రగా చక్కగానే కాలింది. ఒక ముక్క తిరగేసి చూపించింది. అడుగంతా తెల్లగా, తడిగా, ఉడికీ ఉడకని కుడుములా జిగురుగా ఉంది. "ఒకటే ఓవెన్, ఒకటే మూత. పైన కాలింది, కింద ముద్దయింది. ఎందుకలా మామయ్యా?"

దీనికి కారణం ఆవిరి. మూతను పొంగించేదీ అదే, ముద్ద చేసేదీ అదే.

ముందు పూరీ సంగతి చూద్దాం. కాగిన నూనెలో పడగానే పూరీ పైపొర గట్టిపడుతుంది, లోపలి తడి ఆవిరవుతుంది. 100 డిగ్రీల దగ్గర ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.67 లీటర్ల చోటు కావాలి. అంటే దాదాపు 1,700 రెట్లు! బడిలో "నీరు మరిగితే ఆవిరి అవుతుంది" అని చెప్పి వదిలేస్తాం. ఈ అంకె చెప్పకపోతే ఆ పాఠంలో అసలు సంగతే పిల్లలకు అందదు. నా చిన్నప్పుడు పూరీ పొంగకపోతే ఎవరి దిష్టో తగిలిందనేవాళ్లు. పూరీకి ఎక్కడో చిన్న చిల్లు పడి ఉంటుంది, ఆవిరి అందులోంచి జారిపోయి ఉంటుంది. అంతే.

పూరీ ఒకే గది ఉన్న ఇల్లనుకుంటే, పఫ్ పేస్ట్రీ వందల అంతస్తుల మేడ. మైదా ముద్ద మధ్యలో చల్లటి వెన్న పలక పెట్టి, అప్పడాల కర్రతో ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేస్తారు. మళ్లీ ఒత్తి, మళ్లీ మూడు మడతలు. వెన్న పొరలు మూడు, తొమ్మిది, ఇరవై ఏడు, ఇలా పెరిగి ఆరోసారికి 729 అవుతాయి. షీటు మందం 3 మిల్లీమీటర్లు అనుకుంటే, మధ్య మధ్య మైదా పొరల్నీ లెక్కేస్తే, ఒక్కో పొర వాటాకు వచ్చేది సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు. కానీ గోధుమపిండిలోని పెద్ద గంజి రేణువులే 20 మైక్రాన్లకు పైగా ఉంటాయి! రేణువు కన్నా పలచటి గోడ కట్టడం ఎలా? కుదరదు. అందుకే లెక్కకు 729 వచ్చినా, వాటిలో చాలా పొరలు చిరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మిగిలినవే మనకు చాలు.

వేడికి వెన్న కరిగి, మైదా పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో నూనె తెరలా నిలుస్తుంది. మైదాలోని నీరూ, వెన్నలోని నీరూ ఆవిరై ఒక్కో పొరనూ పైకి నెడతాయి. వంద గ్రాముల వెన్నలో 16 గ్రాముల దాకా నీరే. ఆ కాస్త నీరే 27 లీటర్ల ఆవిరి, పెద్ద బిందె నిండి పొర్లేంత! పొరలు లేచి నిలబడ్డాక గంజి ఉడికి, మైదాకు సాగుడునిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ గట్టిపడి ఆ ఎత్తు అలాగే ఉండిపోతుంది. బేకరీలో ఎగ్ పఫ్ కొరికితే చొక్కా మీద రాలే రేకులు ఇవే. తాపేశ్వరం మడత కాజా నూనెలో విచ్చుకునేదీ ఇలాగే.

ఇప్పుడు మా మేనకోడలి మూత దగ్గరకు వద్దాం. వెన్న 32-35 డిగ్రీలకే కరుగుతుంది. మరుగుతున్న గ్రేవీ మీద షీటు పరిస్తే, ఓవెన్‌లోకి వెళ్లకముందే అడుగు పొరల్లో వెన్న కరిగి మైదాలోకి ఇంకిపోతుంది. గోడలు కరిగాక అంతస్తులెక్కడివి? పైగా గ్రేవీ నుంచి లేచిన ఆవిరి చల్లటి షీటుకు తగిలి నీరవుతుంది. అలా నీరయ్యే ప్రతి గ్రామూ సుమారు 2,260 జౌళ్ల వేడిని మూత అడుగుకే ఇస్తుంది. 60 డిగ్రీలు దాటగానే మైదాలోని గంజి ఆ నీటిని తాగి ఉబ్బి జిగురైపోతుంది. ఇక తడి ఉన్నంతసేపూ ఆ అడుగు వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడే మెయిలార్డ్ చర్య జోరందుకోవాలంటే 140 దాకా వెళ్లాలి. పైభాగం ఎండింది కాబట్టి వెళ్లగలిగింది, అడుగుకు ఆ వీలే లేదు.

అందుకే కూరగాయల్లో నీరంతా ముందే ఇగరనివ్వాలి. గ్రేవీ చిక్కగా ఉండాలి. కలిపిన కూరను వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చాలి. మాంసం వంటగట్టు మీద రెండు గంటలకు మించి ఉండకూడదు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. షీటు అంచుల్ని పదునైన కత్తితో ఒక్క వేటున కోయాలి. మొద్దు కత్తి పొరల్ని నలిపి అతికించేస్తుంది. పైన రాసే గుడ్డు సొన అంచు మీదికి కారితే అదీ జిగురులా పొరల్ని పట్టేస్తుంది, ఆ పక్క లేవదు. ఓవెన్ ముందే 200 డిగ్రీలకు పైగా కాగి ఉండాలి. లోపలి కూర 74 డిగ్రీలు చేరేదాకా దించకూడదు.

ఇవన్నీ చేసినా గ్రేవీ ఆవిరికి ఒక దారి కావాలి, లేకపోతే మళ్లీ మూతకే పడుతుంది. ఇంగ్లండ్ వంటిళ్లలో దీనికోసం పింగాణీతో చేసిన చిన్న పిట్టను 'పై' వంటకం మధ్యలో నిలబెడతారు. మూతలోంచి తల బయటపెట్టి నోరు తెరుచుకుని ఉంటుంది, ఆవిరి ఆ నోట్లోంచి పోతుంది. పిట్ట లేకపోతే కత్తితో నాలుగు గాట్లు చాలు.

ఆదివారం రాత్రి మేనకోడలు మిగిలిన టర్కీతో మళ్లీ చేసి, ఈసారి వీడియో పంపింది. గాట్లలోంచి గ్రేవీ బుడబుడమంటోంది. కత్తి దించగానే మూత కరకరమంది. ముక్క తిరగేసింది. అడుగున గోరు మందాన తడి ఉంది, దాని పైన రేకులు రేకులుగా విడిపోయాయి.