సంతకం పెడితే ఇక బయటికి రాలేమా?

బెంగళూరులో క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాలు) కోఆర్డినేటర్‌గా 11 ఏళ్లుగా చేస్తున్నాను. హిందూపురం, మదనపల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే మనవాళ్లు కన్సెంట్ ఫారం (ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటూ సంతకం చేసే పత్రం) చేతిలో పెట్టగానే అడిగేది ఒకటే: "మేడం, ఇది బాండు పేపరా?"

అపోహ: సంతకం పెట్టి మధ్యలో మానేస్తే కేసు పెడతారు, లేదంటే డాక్టరు వైద్యం ఆపేస్తారు.

వాస్తవం: ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు. ఈ మాట ఫారంలోనే రాసి ఉండాలి. కాకపోతే చెప్పి మానండి. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపకూడదు.

ఒక షుగర్ మందు ట్రయల్‌లో ఓ పెద్దాయన ప్రతిసారీ ఖాళీ అట్టలు లెక్క తప్పకుండా తెచ్చేవారు. ఇంత బుద్ధిగా మందు వేసుకునేవారు లేరని మురిసిపోయాం. మూడో నెలలో ఆయన భార్య గుట్టు విప్పింది. "తల తిరుగుతాందని ఎప్పుడో మానేసినాడమ్మా. మాత్రలు మోరీలో పోసి అట్టలు తెస్తాండాడు." ముందే చెప్పొచ్చు కదా అంటే, "సంతకం చేసినాం కదమ్మా!" అన్నాళ్లూ ఆయనకు షుగర్ మందే లేదు. తల తిరుగుడు మా రికార్డుకే ఎక్కలేదు. తప్పు ఆయనది కాదు. పన్నెండు పేజీలు గడగడా చదివేసి "ఇక్కడ పెట్టండి" అన్నది నేనే.

2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం జరిగినప్పుడు చాలామంది ఆడపిల్లల ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వల్లే పిల్లలు చనిపోయారని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఓ దండం. విచారణలో ఆ మరణాలకూ టీకాకూ సంబంధం తేలలేదు. తేలింది అనుమతి తీసుకున్న తీరులోని లోపం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్రయల్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో అందరూ డాక్టర్లేనా? కాదు. కనీసం 7 మంది ఉండాలి, కనీసం సగం మంది ఆసుపత్రికి బయటివాళ్లు, కమిటీలో న్యాయం తెలిసినవాళ్లు, ఓ మామూలు మనిషి కూడా. (నేను చూసిన ఓ రిటైర్డ్ టీచరమ్మ "ఈ వాక్యం మా పాలబ్బాయికి అర్థమవుతుందా?" అని అడిగితే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నీళ్లు నమిలారు.) ట్రయల్ మందు వల్ల ఏదైనా అయితే ఖర్చు మీదేనా? కాదు, 2019 నిబంధనల ప్రకారం వైద్యం ఉచితం. చదువు రానివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. కన్నడ ఫారం అర్థం కాకపోతే తెలుగుది అడగండి, ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు ఆలోచించండి. మొహమాటం వద్దు.

ఆ పెద్దాయన ట్రయల్ మానేసి అదే డాక్టరు దగ్గర మామూలు మందే వాడుతున్నారు. "ఇక లెక్కలేమీ లేవు పెద్దాయనా" అని ఎన్నిసార్లు చెప్పినా, వచ్చినప్పుడల్లా ఖాళీ అట్టలు నా టేబుల్ మీద పెట్టే వెళ్తారు.