ఆరో జట్టు దొరికింది, లీగ్‌లు చెల్లాచెదురయ్యాయి

అమెరికా కాలేజీ ఐస్ హాకీలో ఇవాళ ఏ జట్టు ఏ లీగ్‌లో ఉందో, ఎందుకుందో తెలియాలంటే 2010 సెప్టెంబర్ నుంచి మొదలుపెట్టాలి. గ్యాస్ వ్యాపారంలో బాగా సంపాదించిన టెర్రీ పెగులా తను చదువుకున్న పెన్ స్టేట్‌కి 8.8 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు. మంచి రింక్ కట్టండి, అబ్బాయిలకీ అమ్మాయిలకీ డివిజన్ వన్ (అంటే కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) హాకీ జట్లు పెట్టండి అన్నాడు. తర్వాత ఆ మొత్తం 10.2 కోట్లకి పెరిగింది. పైకి చూస్తే పూర్వ విద్యార్థి ఇచ్చిన విరాళం, అంతే. కానీ ఆ డబ్బు కదిపిన తుట్టె ఇంకా సర్దుకోలేదు.

సంగతేంటంటే, బిగ్ టెన్ అనే పెద్ద కాన్ఫరెన్స్ ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అన్నీ ఉన్న భారీ యూనివర్సిటీల గుంపు. తన పేరు మీద ఒక ఆటలో ఛాంపియన్‌షిప్ పెట్టాలంటే కనీసం ఆరు సభ్య యూనివర్సిటీలకి ఆ ఆటలో జట్లు ఉండాలని దాని నియమం. హాకీలో ఐదే ఉన్నాయి. మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ ఏమో సీసీహెచ్‌ఏ అనే లీగ్‌లో, మిన్నెసోటా, విస్కాన్సిన్ ఏమో డబ్ల్యూసీహెచ్‌ఏలో ఆడుకునేవి. అక్కడ వీటితో పాటు ఫెర్రిస్ స్టేట్, బెమిడ్జి లాంటి చిన్న ఊళ్ల కాలేజీలు ఉండేవి. మిషిగన్ వస్తోందంటే వాళ్ల రింక్ నిండేది. పెన్ స్టేట్ ఆరోది కాగానే లెక్క సరిపోయింది. 2011 మార్చిలో బిగ్ టెన్ ప్రకటించేసింది, 2013-14 నుంచి మా హాకీ లీగ్ మాదే అని. వాళ్లకి సొంత టీవీ ఛానెల్ కూడా ఉంది మరి, చలికాలం సాయంత్రాలు దాన్ని నింపాలి కదా.

లీగ్‌లు చీలడం ఇదే మొదటిసారా అంటే కాదు. 1981లో మిషిగన్, మిషిగన్ స్టేట్, మిషిగన్ టెక్, నోటర్ డేమ్ కలిసి డబ్ల్యూసీహెచ్‌ఏ నుంచి సీసీహెచ్‌ఏకి వెళ్లాయి. 1984లో బోస్టన్ వైపు జట్లు ఈసీఏసీ అనే లీగ్ నుంచి బయటికొచ్చి హాకీ ఈస్ట్ అనే లీగ్ పెట్టుకున్నాయి. కాకపోతే అవి చాలావరకు హాకీవాళ్లు హాకీ కోసం పడ్డ గొడవలు. ఈసారి కదిపింది వేరే ఆటల మీద బతికే కాన్ఫరెన్స్.

నార్త్ డకోటా, డెన్వర్ లాంటివి చేతులు కట్టుకుని కూర్చోలేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్ లేని లీగ్‌లో మిగిలిపోతే తమ షెడ్యూల్ విలువ పడిపోతుందని వాళ్లకి తెలుసు. 2011 జులైకల్లా ఆ రెండూ, కొలరాడో కాలేజ్, మిన్నెసోటా డులూత్, నెబ్రాస్కా-ఒమాహా, మయామీ (ఒహాయోలోది, ఫ్లోరిడాది కాదు) కలిసి ఎన్‌సీహెచ్‌సీ అని కొత్త లీగ్ ప్రకటించాయి. కొద్ది నెలల్లో వెస్టర్న్ మిషిగన్, సెయింట్ క్లౌడ్ స్టేట్ చేరాయి. నోటర్ డేమ్ హాకీ ఈస్ట్‌కి పోయింది, తర్వాత 2017లో మనసు మార్చుకుని బిగ్ టెన్‌కి వచ్చింది, అది వేరే కథ. 1971లో పుట్టిన సీసీహెచ్‌ఏ 2013లో మూతపడింది. దాని చివరి ఫైనల్లో మిషిగన్ 3-1తో నోటర్ డేమ్ చేతిలో ఓడి, 22 ఏళ్లుగా వరసగా ఆడుతున్న జాతీయ టోర్నీకి దూరమైంది.

మరి ఆట బాగుపడిందా? బిగ్ టెన్‌కి మొదట్లో గట్టి దెబ్బే తగిలింది. 16 జట్లు ఆడే జాతీయ టోర్నీకి 2015లో ఆ లీగ్ నుంచి మిన్నెసోటా ఒక్కటే వెళ్లింది, 2016లో మిషిగన్ ఒక్కటే. లీగ్ టోర్నీని సెయింట్ పాల్, డెట్రాయిట్‌లలోని పెద్ద అరీనాల్లో పెడితే కుర్చీలు ఖాళీగా కనిపించేవి, చివరికి 2018లో కాలేజీ రింక్‌లకే తిప్పేశారు. అన్నిటికంటే బాధేసేది మిన్నెసోటా, నార్త్ డకోటా పోరు. ఏటా కొట్టుకునే ఈ రెండు జట్లు వేరే లీగ్‌లకి పోయి, మామూలు సీజన్లో మళ్లీ తలపడింది 2016 అక్టోబర్‌లో. మధ్యలో ఒక్కసారి, 2014 ఏప్రిల్‌లో, జాతీయ సెమీఫైనల్లో ఎదురుపడ్డాయి. స్కోరు 1-1, మిన్నెసోటా ఆటగాడొకడు పెనాల్టీలో కూర్చున్నాడు, అంటే మంచు మీద వాళ్లు ఒకడు తక్కువ. ఓవర్‌టైమ్ ఖాయం అనుకుంటుంటే గడియారంలో 0.6 సెకన్లు ఉండగా జస్టిన్ హోల్ గోల్ కొట్టేశాడు. ఇలాంటి పోరుని వదులుకుని ఏం సంపాదించారో నాకైతే అర్థం కాదు.

టైటిల్స్ లెక్క చూస్తే ఇంకా తేలిపోతుంది. 2016 నుంచి 2025 వరకు తొమ్మిది జాతీయ టైటిల్స్ (2020లో కోవిడ్ వల్ల టోర్నీ జరగలేదు), అందులో ఏడు ఎన్‌సీహెచ్‌సీవే: నార్త్ డకోటా, డెన్వర్ మూడుసార్లు, డులూత్ రెండుసార్లు, వెస్టర్న్ మిషిగన్. ఆ పదేళ్లలో బిగ్ టెన్‌కి ఒక్కటీ రాలేదు. 2023 ఫైనల్లో మిన్నెసోటా క్విన్నిపియాక్ మీద ఓవర్‌టైమ్ మొదలైన పది సెకన్లకే ఓడింది. నా లెక్కలో కారణం ఒకటే, ఎన్‌సీహెచ్‌సీ కాలేజీల్లో చాలావాటికి హాకీయే పెద్ద దిక్కు. డెన్వర్‌కి అసలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టే లేదు, కొలరాడో కాలేజ్, ఒమాహా ఉన్నదాన్ని తీసేశాయి. పైగా జాతీయ టోర్నీ ర్యాంకింగ్‌లో ప్రత్యర్థి బలం కూడా లెక్కకొస్తుంది, బలమైనవాళ్లు ఒకచోట చేరితే ఓడినా పెద్దగా నష్టపోరు. ఇప్పుడు గాలి బిగ్ టెన్ వైపు మారుతున్నట్టుంది. 2025 నుంచి కెనడా మేజర్ జూనియర్ (అక్కడి కుర్రాళ్ల పెద్ద లీగ్‌లు) ఆటగాళ్లని కూడా కాలేజీ జట్లు తీసుకోవచ్చు, డబ్బులూ ఇవ్వొచ్చు, గావిన్ మెకెన్నా లాంటి స్టార్ పెన్ స్టేట్‌ని ఎంచుకున్నాడు.

ఇక మిగిలినవాళ్ల సంగతి. 2013లో డబ్ల్యూసీహెచ్‌ఏ అంటే అలాస్కాలో రెండు జట్లు, అలబామాలో హంట్స్‌విల్, మధ్యలో మిషిగన్, మిన్నెసోటా, ఒహాయోల చిన్న కాలేజీలు. మ్యాచ్‌కెళ్లాలంటే విమానం ఖర్చే తడిసిమోపెడు, అందుకే అలాస్కావాళ్లు వచ్చే జట్ల ప్రయాణానికి కొంత ఎదురు కట్టేవారు. మిన్నెసోటా స్టేట్ (మిన్నెసోటా వేరు, ఇది వేరు) ఒక్కటి ఈ లీగ్ నుంచే ఎదిగి, 2022లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది, అప్పటికి లీగ్ మారింది. ఎందుకంటే 2019 జూన్‌లో ఏడు కాలేజీలు అలాస్కానీ హంట్స్‌విల్‌నీ వదిలేసి బయటికొస్తామని ప్రకటించి, మూతపడ్డ సీసీహెచ్‌ఏ పేరునే తిరిగి తెచ్చుకుని 2021లో మొదలుపెట్టాయి. పెద్దవాళ్లు తమకి చేసిందే తమకంటే చిన్నవాళ్లకి వీళ్లూ చేశారు. ఖర్చుల లెక్కలో వాళ్లది తప్పని కూడా అనలేం. అందులో చేరిన సెయింట్ థామస్ 2026లో ఎన్‌సీహెచ్‌సీకి వెళ్లిపోతోంది. మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే అరిజోనా స్టేట్ 2024లోనే అక్కడ చేరింది.

హంట్స్‌విల్ జట్టు 2021లో ఆగిపోయింది. అలాస్కాలోని యాంకరేజ్ జట్టుని తీసేస్తామంటే ఊరివాళ్లు, పాత ఆటగాళ్లు చందాలు పోగేసి 30 లక్షల డాలర్లు కట్టి 2022లో మళ్లీ మంచు మీదికి తెచ్చుకున్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా జట్టు ఏ లీగూ లేకుండా 2022-23లో 22 మ్యాచ్‌లు గెలిచి, జాతీయ టోర్నీ చోటు కొద్దిలో పోగొట్టుకుంది. లీగ్ ఉంటే లీగ్ టోర్నీ గెలిచి నేరుగా వెళ్లే దారి ఇంకొకటి ఉండేది. వాళ్లకి అది లేదు.