రెండు మిరియపు గింజలు చేసే పని

ముప్పై అయిదేళ్ల కిందట ఇంటర్మీడియట్‌లో నా దగ్గర రసాయన శాస్త్రం చదువుకుని, ఇప్పుడు కొండపి వైపు పొగాకు సాగు చేసుకుంటున్న శిష్యుడొకడు కిందటి నెల ఒంగోలులో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మోకాళ్ల నొప్పులకని రెండు నెలలుగా పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటున్న పసుపు క్యాప్సూళ్లవి. షుగరుకూ, బీపీకీ, కొలెస్టరాల్‌కూ మాత్రలు వాడుతూనే వీటినీ వాడవచ్చా అన్నది అతని సందేహం, సందేహంతో పాటే సమాధానం కూడా వెంట తెచ్చుకున్నాడు: "కూరలో వేసుకునే పసుపే గదా మాస్టారూ, దాంతో ఏమవుద్ది?"

డబ్బా మీది చిన్న అక్షరాలను కళ్లజోడు సవరించుకుని చదివాను. ఒక్కొక్క క్యాప్సూల్‌లో పసుపు సారం 500 మిల్లీగ్రాములు, అందులో పసుపుకు రంగునిచ్చే కర్క్యుమినాయిడ్లు (వాటిలో ముఖ్యమైనది కర్క్యుమిన్) 95 శాతం, మిరియానికి ఘాటునిచ్చే పైపరిన్ 5 మిల్లీగ్రాములు ఉన్నాయని రాసి ఉంది. మన వంటింటి పసుపులో ఈ కర్క్యుమినాయిడ్లు నూటికి మూడు నుంచి అయిదు పాళ్లకు మించవు. ఆ లెక్కన ఒక్క క్యాప్సూల్ పది నుంచి పదహారు గ్రాముల పసుపుతో సమానం. రోజుకు రెండు చొప్పున నెలకు రమారమి ముప్పాతిక కిలో పసుపు ఒక్క మనిషి కడుపులోకి పోతున్నట్టు. నెల్లూరు చేపల పులుసు దగ్గర్నుంచి ఆవకాయ దాకా అన్నిట్లోనూ పసుపు వేసుకునే మా ఇంట్లో నలుగురికి కిలో పసుపు ఏడాదికి పైగా వస్తుంది.

అయితే నన్ను ఆకట్టుకున్నది పసుపు కాదు, ఆ 5 మిల్లీగ్రాముల పైపరిన్. మిరియాలలో పైపరిన్ నూటికి అయిదు నుంచి తొమ్మిది పాళ్లు ఉంటుంది గనక, అది రెండు గింజల్లో దొరికే పాటి వస్తువే. ఆ రెండు గింజలను అక్కడ ఎందుకు పెట్టారో తెలియాలంటే, మన శరీరం పరాయి పదార్థాలను ఎలా సాగనంపుతుందో చూడాలి.

పొగాకు రైతుకు వేలం కేంద్రం ఉదాహరణ చెబితే చాలు. వేలానికి వచ్చిన బేలుకు వివరాల చీటీ ఉండాలి. ఆ చీటీ మీద ధర, కొన్నవాడి పేరు పడితేనే బేలు కొనుగోలుదారుడి లారీ ఎక్కుతుంది. కాలేయంలో, పేగు గోడలో జరిగేదీ ఇదే. నూనెలో తప్ప నీటిలో కరగని కర్క్యుమిన్ వంటి అణువు లోపలికి రాగానే, అక్కడి ఎంజైము ఒకటి వేలం కేంద్రం గుమాస్తాలా దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే చీటీ కడుతుంది. ఈ ఆమ్లం గ్లూకోజు నుంచే తయారవుతుంది, నీటితో దానికి మహా స్నేహం. చీటీ పడిన అణువు నీటిలో కరిగి, పైత్యరసం దారినో మూత్రం దారినో బయటికి పోతుంది. పసుపు విషయంలో ఈ గుమాస్తాలు ఎంత చురుకైన వాళ్లంటే, రెండు గ్రాముల కర్క్యుమిన్ మింగిన మనిషి రక్తంలో అది కొలతకు అందీ అందనంతగా మాత్రమే కనిపిస్తుంది. మన పెద్దలు తరతరాలుగా పసుపు తిని క్షేమంగా ఉన్నారంటే, ఆ క్షేమంలో పసుపు మంచితనం కొంతైతే, ఈ గుమాస్తాల చాకచక్యం చాలా.

మిరియం వచ్చి ఈ గుమాస్తా చెయ్యి పట్టుకుంటుంది. పైపరిన్ ఒకవైపు చీటీ కట్టే ఎంజైమును అడ్డుకుంటూ, మరోవైపు అసలు చీటీల నిల్వనే తగ్గిస్తుందని గినీ పందుల పేగు కణాలతో చేసిన ప్రయోగాలలో 1986లోనే తేలింది. గుమాస్తా సెలవు పెట్టాడు, చీటీల కట్టా కూడా అయిపోయింది. ఇక బేళ్లు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతాయి. బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి మనుషులకు ఇస్తే, రక్తానికి అందే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. ప్రకటనల్లో ఊదరగొట్టే అంకె ఇదే. దాదాపు సున్నాకు ఇరవై రెట్లు అంటే అదీ పెద్ద మొత్తమేమీ కాదని మాత్రం ఏ ప్రకటనా చెప్పదు.

ఈ పోలిక ఒకచోట తెగుతుంది. వేలంలో అమ్ముడుపోని బేలును రైతు ఇంటికి తీసుకుపోతాడు. చీటీ పడని అణువు మాత్రం రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. పైగా ఆ గుమాస్తా పసుపు కోసమే కూర్చున్నవాడు కాదు. పారాసిటమాల్, మార్ఫిన్ వంటి మందులకూ, మన పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్‌కూ చీటీలు కట్టేది ఇదే కుటుంబానికి చెందిన ఎంజైములు. పుట్టిన బిడ్డకు తొలి వారంలో ఒళ్లు పచ్చబడుతుందే, అక్కడ గుమాస్తాకు ఇంకా పని అలవాటు కాలేదన్న మాట. ఆ పచ్చదనం చూసి దిష్టి తీసే ఇళ్లను నేనెరుగుదును. దిష్టి తీసినా తీయకపోయినా చాలామంది బిడ్డల్లో వారం పది రోజుల్లో ఎంజైము పని అందుకుంటుంది, పేరు మాత్రం ఉప్పుకూ మిరపకాయలకూ దక్కుతుంది. అలా తగ్గకపోయినా, పచ్చదనం ముదిరినా ఆస్పత్రికి పరుగెత్తవలసిందే. పాఠ్యపుస్తకంలో గ్లూకురోనిక్ ఆమ్లానికి ఒక్క వాక్యం కేటాయిస్తారు. ఆ వాక్యాన్ని నేను కూడా ఏళ్ల తరబడి గడగడా చదివేసి ముందుకు పోయినవాణ్నే.

పైపరిన్ అడ్డుకునేది ఈ ఒక్క గుమాస్తాను కాదు. ఎన్నో మందులను విరగ్గొట్టే సైటోక్రోమ్ 3ఏ4 అనే ఎంజైమును, మందును పేగులోకి తిరిగి నెట్టేసే పీ-గ్లైకోప్రొటీన్‌ను కూడా అది నెమ్మదింపజేస్తుందని ప్రయోగశాలల్లో గమనించారు. బీపీకి వాడే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మాత్రలు వేసుకున్న ఆరోగ్యవంతులకు పైపరిన్ ఇస్తే రక్తంలో ఆ మందుల మోతాదు పెరిగింది. దీన్ని మేలుకు వాడుకున్నది మనవాళ్లే. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిసిన త్రికటుకాన్ని ఇన్ని ఆయుర్వేద మందుల్లో ఎందుకు చేరుస్తారన్న ప్రశ్నతో జమ్మూ ప్రయోగశాల మొదలుపెట్టిన పని, 2009 నాటికి ఒక క్షయ మందుగా బజారుకు వచ్చింది: 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ బదులు 200 మిల్లీగ్రాములు, దానికి తోడు 10 మిల్లీగ్రాముల పైపరిన్. అక్కడ మోతాదు తగ్గించి మిరియం కలిపారు. మా శిష్యుడి డబ్బాలో మోతాదు పెంచి మిరియం కలిపారు. మూలికలకు సైడ్ ఎఫెక్టులు ఉండవన్న మాట ఆయుర్వేదానిదేనని నమ్మేవారికి ఒక సంగతి: పైపరిన్ ఉండే పిప్పలిని, క్షారాన్ని, ఉప్పును అతిగా వాడరాదని చరక సంహితలోని విమాన స్థానమనే భాగం పేరుపెట్టి హెచ్చరిస్తుంది.

జరిగిన నష్టాలు కూడా నమోదై ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతూ పసుపు సప్లిమెంటు మొదలుపెట్టిన ఒకరికి, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే కొలత మామూలుగా 2, 3 మధ్య ఉంచవలసింది 10 దాటిందని 2018లో న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ హెచ్చరించింది. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను అమెరికా వైద్యులు 2022లో ప్రకటించారు. వారిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే ఒకే జన్యురూపం ఉంది. పరీక్షించిన సీసాల్లో మూడింటిలోనే పైపరిన్ కనబడింది కాబట్టి తప్పంతా మిరియానిదే అనలేం. 2021 మే నెలలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం నెల్లూరు జిల్లా దారులన్నీ కిక్కిరిసిన రోజుల్లోనే, కంచెల మీద అడ్డదిడ్డంగా పాకే తిప్పతీగకు ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. ఆ ఏడాదే తిప్పతీగ వాడినవారిలో కాలేయ వాపును ముంబై వైద్యులు నివేదించగా, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఆక్షేపించింది.

విటమిన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అటువంటివారికి పరీక్ష చేసి బి12 ఇవ్వడం నిజమైన వైద్యం. వారానికొకటని రాసిచ్చిన 60,000 యూనిట్ల డి3 ఒక్కటే నూరు రోజుల అవసరానికి సరిపోతుంది. దాన్ని రోజూ మింగితే కొవ్వులో పేరుకుని, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో మొదలై కిడ్నీల దాకా పోతుంది. విటమిన్ సి అతిగా మింగితే ఆక్సలేటుగా మారి చేరేదీ కిడ్నీల్లోకే గనక, ఫ్లోరైడు నీళ్లతోనూ కిడ్నీ జబ్బులతోనూ సతమతమయ్యే కనిగిరి ప్రాంతంలో ఆ మాత్రలను చాక్లెట్లలా చప్పరించడం తగదు. పొగాకు జిల్లావాళ్లం కాబట్టి మరొకటి తప్పక చెప్పాలి. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, క్యాన్సర్‌ను ఆపుతుందని ఆశపడి ఇచ్చిన బీటా కెరోటిన్ మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను 18 శాతం పెంచాయి. మునగాకులోనూ బీటా కెరోటిన్ ఉంటుంది, కానీ మునగాకు కూర తిన్నవారికి అలా జరిగిన దాఖలా లేదు.

శిష్యుణ్ని అతని డాక్టరు గారు వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగారట. "లేవని చెప్పా మాస్టారూ. పసుపు మందెట్లయిద్ది?" అన్నాడు. మందుల చీటీ వెనక క్యాప్సూల్‌లో ఏమేమి ఎంతెంత ఉన్నాయో, ఎప్పటి నుంచి వాడుతున్నాడో రాసిచ్చి పంపాను.

వారం తరవాత కాలేయ పరీక్ష రిపోర్టు ఫోనులో పంపాడు. అందులో డైరెక్ట్ బిలిరుబిన్ అని ఉన్నది గుమాస్తా చీటీ కట్టిన సరుకు, ఇన్‌డైరెక్ట్ అని ఉన్నది ఇంకా కట్టవలసినది. ఆ రెండు అంకెలూ సవ్యంగానే ఉన్నాయి. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము మాత్రం, నలభై లోపు ఉండవలసింది, 68 చూపింది. షుగరు ఉన్నవారికి కాలేయంలో కొవ్వు చేరి కూడా అది పెరుగుతుంది గనక నేరం పసుపు మీద మోపడానికి వీల్లేదు. డాక్టరు గారు క్యాప్సూళ్లు ఆపించి, ఆరు వారాల తరవాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారట.