వంతెనలు కట్టారు, సైకిలుకు చోటు లెక్కేయలేదు

మహారాష్ట్ర ఆగ్నేయపు కొసన, గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకాకు మూడు వైపులా నదులే. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆసుపత్రికీ పెళ్లి సంబంధాలకూ నది అవతలి ఊళ్లు. ఇక్కడ సైకిలు మీద తిరిగేవారందరిదీ ఒకటే బాధ: లారీలు రాసుకుంటూ పోతున్నాయి. తగిలితే దాన్ని ప్రమాదం అంటారు. జానెడు దూరంలో తప్పిపోతే ఏమీ జరగనట్టే లెక్క. ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు.

1860లో నిజాం నుంచి గోదావరి ఎడమ గట్టు ప్రాంతం బ్రిటిషువారి చేతికి వచ్చింది. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. అప్పటి దొరల ఆశంతా నది మీదే. గోదావరిలో ఎగువకు పడవలు నడపాలని ఏళ్ల తరబడి డబ్బు పోసి, 1871లో ఆ పనులు మానుకున్నారు. 1874లో జిల్లానే రద్దు చేసి సిరోంచను చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిపేశారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఇది దారి ముగిసే చోటుగా మిగిలిపోయింది. ఎదురుగా కనిపించే కాళేశ్వరానికి వెళ్లాలన్నా పడవ ఎక్కాల్సిందే, సైకిలునూ పడవలో పెట్టుకోవాల్సిందే. ఆ రోజుల్లో ఇటు వచ్చిన లారీ సిరోంచకే వచ్చేది. డ్రైవరుకు ఊరి మనుషులు తెలుసు, ఎవరి పిల్లవాడు రోడ్డు మీద ఉన్నాడో తెలుసు. రాత్రికి అతను ఆగాల్సింది కూడా ఆ ఊళ్లోనే.

ఇటీవలి కాలంలో మూడు నదుల మీదా వంతెనలు లేచాయి. కాళేశ్వరం వైపు గోదావరి మీద ఒకటి, చెన్నూరు వైపు ప్రాణహిత మీద ఒకటి, పాతగూడెం దగ్గర ఇంద్రావతి మీద మరొకటి. నిజామాబాద్, మంచిర్యాల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి సిరోంచ గుండానే పోతుంది. ఉత్తరాన ఆలాపల్లి, ఆష్టి వైపు 353సీ ఉంది. ఈ వంతెనల కోసం జనం తరాల పాటు ఎదురుచూశారు. వరద రోజుల్లో నిండు గర్భిణిని పడవ ఎక్కించాల్సిన అగత్యం తప్పింది కాబట్టి వాటిని తప్పుపట్టేవారు ఎవరూ లేరు. కానీ దారి ముగిసే ఊరు దారిలో ఊరైంది. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌ల మధ్య తిరిగే లారీకి అంకీస, ఆసరెల్లి పేర్లతో పనిలేదు. అవి వేగం తగ్గించాల్సిన చోట్లు, అంతే. ఉత్తరాన సుర్జాగఢ్ ఇనుప ఖనిజం తవ్వకం 2021 తర్వాత ఊపందుకోవడంతో ఆలాపల్లి–ఆష్టి రోడ్డు మీద ఖనిజపు లారీల బారులు మొదలయ్యాయి. వాటి వల్ల మనుషులు చనిపోయినప్పుడు జనం రోడ్డెక్కి వాహనాలను ఆపిన సందర్భాలూ ఉన్నాయి.

ఇక కొలతలు చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. గ్రామాలకు వేసే ఒంటి వరస తారు రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. నిబంధనల ప్రకారం లారీ వెడల్పు గరిష్ఠంగా 2.6 మీటర్లు. సైకిలు హ్యాండిల్ సుమారు 0.6 మీటరు. లారీ ఒక అంచున, సైకిలు మరో అంచున తారు వదలకుండా పోతే మధ్యలో మిగిలేది అర మీటరు చిల్లర. 5.5 మీటర్ల రోడ్డు మీద రెండు లారీలు ఎదురుపడితే మిగిలేది 30 సెంటీమీటర్లు. అందులో సైకిలు కాదు కదా, మనిషి భుజం కూడా పట్టదు. ఏడు మీటర్ల రెండు వరసల రోడ్డు మీద కాస్త నయం. రెండు లారీలకూ సైకిలుకూ పోగా 1.2 మీటర్లు ఉంటాయి, కానీ వాటినే లారీకీ లారీకీ మధ్య, లారీకీ సైకిలుకీ మధ్య పంచుకోవాలి. అంటే ఎదురుగా బండి వస్తున్నప్పుడు సైకిలును భద్రంగా దాటేంత చోటు ఈ రోడ్లలో దేని మీదా లేదు. వెనక బండి బ్రేకు వేసి ఆగాలి. హారన్ కొడితే సైకిలువాడు దిగిపోతాడన్న నమ్మకంతో ఆ బ్రేకు పడడం లేదు.

అతను దిగాల్సిన చోటు ఎలా ఉంటుంది? తారు పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్కన పోసిన మొరం వానకు కొట్టుకుపోతుంది. కొన్నేళ్లకు అంచు దగ్గర బెత్తెడు లోతు తేలుతుంది. దిగేటప్పుడు ముందు చక్రం జారితే మనిషి పడేది రోడ్డు వైపే కావచ్చు. దీనికి తోడు గాలి. పెద్ద బండి పక్కకు రాగానే గాలి బయటికి నెడుతుంది, బండి దాటుతుండగా లోపలికి లాగుతుంది. వెనక క్యారియర్ మీద గడ్డిమోపు ఉంటే ఆ ఊపు ఇంకా ఎక్కువ.

మన మోటారు చట్టాలు 1914లో, 1939లో, 1988లో వచ్చాయి. సైకిలు వాటి లెక్కలో మోటారు వాహనం కాదు. 1989 నాటి రహదారి నియమాలు కుడివైపు నుంచి దాటమన్నాయి, ప్రమాదం కలిగేలా దాటవద్దన్నాయి. ఎంత దూరం వదలాలో అంకె వేయలేదు. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాక కూడా మీటర్ల లెక్క రాలేదు. సైకిలువాడికి మాత్రం నియమాలకు కొదవలేదు: ఒకప్పుడు పట్టణాల్లో లైసెన్సు బిళ్ల, రాత్రి దీపం, ఇద్దరు ఎక్కితే జరిమానా, 2020లో రిఫ్లెక్టర్ల నాణ్యత మీద ఉత్తర్వు. కనిపించే బాధ్యత అతనిది, దూరం పాటించే బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు. ఇంజనీర్లు దీన్ని గుర్తించలేదని చెప్పలేం. రోడ్డు ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు దారులకు ప్రమాణాలు రాసింది. రద్దీ వేళ గంటకు రెండు వందలకు మించి మోటారు బండ్లు తిరిగే చోట, నూరు సైకిళ్లున్నా వేరే దారి సమంజసమేనంది. బడి వదిలే వేళ తాలూకా కేంద్రం బయట నిలబడి ఎవరైనా ఈ లెక్క తీస్తే బాగుండును.

2015లో మహారాష్ట్ర లారీల వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’ రాతను నిషేధించింది. రాత చెరిగింది, అలవాటు మిగిలింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధంగా దాటడం కూడా ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ తెలియకపోతే ఇచ్చే పరిహారం 2022 ఏప్రిల్ నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు. గుద్ది పారిపోయేవారికి భారతీయ న్యాయ సంహితలో పెట్టిన పదేళ్ల శిక్ష నిబంధన మీద 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేస్తే, ఆ నిబంధనను అమలు చేయకుండా పక్కన పెట్టారు. ఈ వాదులాటంతా గుద్దిన తర్వాతి సంగతి.

దూరానికి అంకె వేసిన దేశాలున్నాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1973లోనే మూడడుగులు వదలాలంది. ఫ్రాన్స్‌లో ఊళ్లో మీటరు, ఊరు దాటాక మీటరున్నర. జర్మనీ 2020లో ఊళ్లో మీటరున్నర, బయట రెండు మీటర్లు చేసింది. అంకె ఒక్కటే పని చేయదని ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులకు అర్థమై, 2016లో మామూలు దుస్తుల్లో కానిస్టేబుళ్లను సైకిళ్ల మీద పంపి, దగ్గరగా దాటిన డ్రైవర్లను ముందు కూడలిలో ఆపారు.

ఇటు చూస్తే, మహారాష్ట్ర ప్రభుత్వమే మానవ వికాస్ కార్యక్రమం కింద వెనుకబడిన తాలూకాల్లో ఎనిమిది నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలకు, బడికి ఐదు కిలోమీటర్ల లోపు ఉంటే సైకిలు ఇస్తోంది. గడ్చిరోలి ఈ పథకంలో ఉన్న జిల్లా. అమ్మాయిని సైకిలెక్కించిన శాఖ వేరు, రోడ్డు వేసిన శాఖ వేరు, గనికి అనుమతి ఇచ్చిన శాఖ వేరు. అందరూ కలిసేది రోడ్డు అంచున, ఆ అమ్మాయి పక్కన.

వెడల్పు చేయడం అంత సులువు కాదు. అడవి భూమి తీసుకోవాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి, ఆలాపల్లి వైపు రోడ్డుకు ఇరుపక్కలా అడవే. నియమాల దారి మాత్రం తెరిచే ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 138(1ఏ) సెక్షన్ మోటారు లేని బండ్ల విషయంలో నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది; ఆరు నెలల్లో ఆ పని చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతవరకు ఆగనవసరం లేని పని కూడా ఒకటుంది. ఒక రోడ్డు మీద ఫలానా వేళల్లో భారీ వాహనాలను ఆపే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో ఎప్పటి నుంచో ఉంది. పట్టణాల్లో లారీలకు వేళలు పెట్టేది దాని కిందే. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో దాన్ని తాలూకా రోడ్లకు వర్తింపజేయడానికి కావలసింది ఒక నోటిఫికేషన్, రోడ్డు మొదట్లో ఒక బోర్డు, దాని దగ్గర నిలబడే ఒక కానిస్టేబుల్.