స్కూల్లో బుల్లీయింగ్: అపోహలు, వాస్తవాలు, ఒక మంచినీళ్ల కుళాయి

బెంగళూరులో మారతహళ్లి దాటాక ఉన్న ఒక స్కూల్లో పదకొండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కర్నూలు, అనంతపురం, నెల్లూరు, విజయవాడ నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు మా దగ్గర చాలామంది. నాతో తెలుగులో మాట్లాడొచ్చని తెలియగానే ఆ తల్లిదండ్రులు మనసులో ఉన్నదంతా చెప్పేస్తారు. వాళ్ల నోట పదేపదే విన్న మాటలనే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మాను. పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

అపోహ: "పిల్లలన్నాక ఏడిపించుకుంటారు. మేం చదువుకునే రోజుల్లో లేవా ఇవి?"

ఉన్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత కూడా అప్పుడు ఉంది. ఆటపట్టించడానికీ బుల్లీయింగ్‌కీ తేడా ఆ సామెతలోనే దొరుకుతుంది. నార్వేలో 1970ల నుంచి ఈ విషయం మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పారు: కావాలని బాధపెట్టడం, మళ్లీ మళ్లీ బాధపెట్టడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండటం. బలమంటే కండబలమే కాదు. చుట్టూ అందరూ కన్నడ, ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంటే ఒక్కడికే నోరు తిరగకపోయినా అది బలంలో తేడానే. యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెల రోజుల్లో బుల్లీయింగ్‌కు గురయ్యారు.

అపోహ: "ఏమైనా జరిగితే మా వాడు ఇంట్లో చెప్తాడు."

కర్నూలు నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరిన బాబు వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చింది బుల్లీయింగ్ గురించి కాదు. "మేడమ్, స్కూల్ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూమ్‌కి పరిగెత్తుతాడు. తర్వాత చెంబెడు నీళ్లు గటగటా తాగుతాడు. షుగరేమోనని టెన్షన్ పడి టెస్ట్ చేయించాం, నార్మలే వచ్చింది" అన్నారు. స్కూల్లో బాత్రూమ్ బాగోలేదేమో కనుక్కుందామని వచ్చారు.

అబ్బాయిని పిలిచి అడిగితే "ఏం లేదు మ్యామ్" అన్నాడు. మూడు వారాలు అదే సమాధానం. చెప్పుకుంటే ఇంకా ఎక్కువ ఏడిపిస్తారని, అమ్మానాన్న బాధపడతారని పిల్లలు నోరు విప్పరు.

అందుకే ఒక్కడిని అడగడం ఆపి, ఆరో తరగతి అందరికీ స్కూల్ ప్లాన్ జిరాక్స్ తీసి ఇచ్చాను. పేరు రాయొద్దు, వెళ్లడానికి ఇష్టం లేని చోటికి ఎర్ర రంగు వేయండి, హాయిగా ఉండే చోటికి పచ్చ రంగు వేయండి అన్నాను. గొడవలన్నీ గ్రౌండ్‌లోనే జరుగుతాయని టీచర్ల గట్టి నమ్మకం. కాగితాలు తిరిగొచ్చాక చూస్తే గ్రౌండ్ చాలావరకు పచ్చగానే ఉంది. ఎర్ర రంగంతా రెండో అంతస్తులో, మెట్ల పక్కన మంచినీళ్ల కుళాయిల దగ్గర, స్కూల్ బస్సు వెనక సీట్ల దగ్గర పేరుకుంది. ఒక పాప కుళాయిల మీద ఎంత గట్టిగా దిద్దిందంటే కాగితం చిరిగింది.

మర్నాడు ఇంటర్వెల్‌లో వెళ్లి అక్కడ నిలబడ్డాను. నాలుగు కుళాయిల్లో రెండు పనిచేయడం లేదు. ఐదు, ఆరు, ఎనిమిది తరగతులకు ఒకేసారి ఇంటర్వెల్. నలభై మంది పిల్లలు రెండు కుళాయిల మీద పడుతున్నారు. ఎనిమిదో తరగతి వాళ్లు చిన్నవాళ్ల బాటిళ్లు లాక్కుని పైకెత్తి ఆడుతున్నారు. ఆ తోపులాటలో వినిపించిన మాట "గుల్టీ". తెలుగువాళ్లను ఎగతాళి చేయడానికి ఇక్కడా చెన్నైలోనూ వాడే మాట అది. పెద్దవాళ్లు ఆఫీసుల్లో సరదాకి అనుకుంటారు, పిల్లలు విని స్కూలుకు తెస్తారు. కర్నూలు బాబు ఆ గుంపులో లేడు. ఆ గుంపులోకి వెళ్లకూడదని పొద్దున్నుంచి చుక్క నీళ్లు తాగకుండా, బాత్రూమ్‌కి వెళ్లకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నాడు.

ఆ వారం మేం ఎవరినీ తిట్టలేదు. రెండు కుళాయిలు బాగు చేయించాం. ఎనిమిదో తరగతి ఇంటర్వెల్‌ను పది నిమిషాలు వెనక్కి జరిపాం. లైబ్రరీ సార్ టీ తాగే కుర్చీని మెట్ల దగ్గర వేయించాం. కుళాయిల దగ్గర గొడవ చాలావరకు తగ్గింది. బస్సులో తగ్గలేదు, దానికి ఇంకో దారి వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్లల బుద్ధి మార్చడానికి ఏళ్లు పడుతుంది కానీ, బుద్ధి వక్రించే చోటును మార్చడానికి ఒక ప్లంబర్ చాలు అని అప్పుడు నాకు అర్థమైంది. పిల్లలు ఎక్కువసేపు తిరిగే చోట పెద్దవాళ్ల కన్ను ఉండటం మేలు చేస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి.

అపోహ: "అది వాళ్లిద్దరి మధ్య గొడవ. మిగతా పిల్లల్ని ఎందుకు లాగడం?"

మిగతా పిల్లలు ముందే అందులో ఉన్నారు. ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సల్మివల్లి బృందం 1996లో క్లాసులోని పిల్లలు పోషించే పాత్రలను వేరుచేసి చూపించింది: ఏడిపించేవాడు, వాడికి చెయ్యందించేవాడు, పక్కన నిలబడి నవ్వేవాడు, చూసీ చూడనట్టు పోయేవాడు, అడ్డుపడేవాడు, బాధపడేవాడు. అక్కడి టుర్కు విశ్వవిద్యాలయంలో పుట్టిన కీవా అనే బుల్లీయింగ్ నివారణ కార్యక్రమం ఈ ఆలోచన మీదే నిలబడింది. వినోదం చూసేవాళ్లు లేకపోతే ఆట సాగదు.

కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్, వాళ్ల సహచరులు స్కూల్ గ్రౌండ్‌లలో పిల్లలను వీడియో తీసి చూశారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. తోటి పిల్లలు అడ్డుపడింది 19 శాతం సందర్భాల్లోనే. అడ్డుపడినప్పుడు మాత్రం 57 శాతం సందర్భాల్లో పది సెకన్లలోపే ఆగిపోయింది. ఈ పది సెకన్ల మాట నేను ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ చెబుతాను.

అడ్డుపడటమంటే కలబడటం కాదు. అలా చెబితే చాలామంది పిల్లలు భయపడి అసలు ముందుకు రారు. మేం నేర్పేది ఒక్క పిలుపు. ఏడిపించేవాడి వైపు చూడకు, వాడితో మాట్లాడకు. ఏడుస్తున్న వాడి పక్కకెళ్లి భుజం మీద చెయ్యేసి "బారో, లేట్ ఆయ్తు" (రారా, లేటయింది) అను, నీతో తీసుకుపో. కన్నడలోనో, తెలుగులోనో, ఏ భాషలో వస్తే ఆ భాషలో. దీన్ని క్లాసులో నాటకంలా వేయించి పదిసార్లు అనిపిస్తాం. మొదటిసారి సిగ్గుపడతారు. నాలుగోసారికి నోటికి వచ్చేస్తుంది. బస్సులో చివరికి పనిచేసింది ఇదే. ఒక అమ్మాయి తన పక్క సీటు చూపించి కర్నూలు బాబుని పిలిచింది, అంతే.

అపోహ: "మంచి పిల్లల్ని లీడర్లుగా పెడితే అందరూ వాళ్లను చూసి నేర్చుకుంటారు."

ఎవరు మంచి పిల్లలు? టీచర్ల లిస్ట్ వేరు, పిల్లల లిస్ట్ వేరు. అమెరికాలోని న్యూజెర్సీలో 56 మిడిల్ స్కూళ్లలో, 24,191 మంది విద్యార్థులతో ఎలిజబెత్ పాలక్ బృందం చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. మీరు ఎవరెవరితో కలిసి సమయం గడుపుతారు అని పిల్లలనే అడిగి, ఎవరి మాట ఎక్కువమందికి చేరుతుందో ముందు తెలుసుకున్నారు. ప్రతి ప్రయోగ స్కూల్లోనూ ఒక చిన్న బృందాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, తమ స్కూల్లో గొడవల గురించి ఏం చేయాలో వాళ్లనే ఆలోచించుకోమన్నారు. తోటివాళ్లు మంచి పని చేస్తూ కనిపిస్తే నారింజ రంగు చేతిపట్టీ ఇచ్చారు. ఒక సంవత్సరంలో ఆ స్కూళ్లలో విద్యార్థుల గొడవల ఫిర్యాదులు 25 శాతం తగ్గాయి. పదిమందికీ తెలిసిన పిల్లలు బృందంలో ఎక్కువగా ఉన్నచోట ఫలితం ఇంకా బాగుంది.

మా స్కూల్లో అదే ప్రశ్న అడిగినప్పుడు పిల్లలు రాసిన పేర్లు చూసి స్టాఫ్ రూమ్ అంతా గొల్లుమంది. పైనున్న పేర్లలో సగం "ఆ రౌడీ గ్యాంగా?" అనిపించుకున్నవే. క్లాస్ లీడర్ పేరు ఎక్కడో కింద ఉంది. అయినా ఆ పేర్లతోనే వెళ్లాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పిల్లల్నే పంచాయితీ పెద్దలను చేసి తీర్పులు చెప్పించే పద్ధతి నాకు నచ్చదు. మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో చేసిన పెద్ద సమీక్షలో, స్కూల్ కార్యక్రమాల వల్ల బుల్లీయింగ్ సగటున 20 నుంచి 23 శాతం తగ్గినట్టు తేలింది. కానీ తోటి పిల్లల చేత మధ్యవర్తిత్వం లాంటివి చేయించిన చోట బాధితులు పెరిగే ధోరణి కనిపించింది. పక్కన నిలబడటం పిల్లల పని. తీర్పు చెప్పడం పెద్దవాళ్ల పని.

అపోహ: "ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పిస్తే సరిపోతుంది."

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం నేను చేసింది ఇదే. ఏడో తరగతి అమ్మాయిలిద్దరిని నా గదిలో కూర్చోబెట్టి, సారీ చెప్పించి, చేతులు కలిపించాను. సమస్య తీరిందని రిజిస్టర్‌లో రాశాను కూడా. ఆ సాయంత్రమే ఆ పాపను బస్టాప్ దగ్గర "కంప్లైంట్ బాక్స్" అని పిలవడం మొదలైంది. వారం రోజులు స్కూలుకు రాలేదు. తను భయపడే మనిషికి ఎదురుగా, అరచేయంత దూరంలో ఆ పాపను కూర్చోబెట్టింది నేనే. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు మేం చేసేది బ్రిటన్‌లో బార్బరా మెయిన్స్, జార్జ్ రాబిన్సన్ 1990ల మొదట్లో చెప్పిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ముందు బాధపడ్డ పిల్లతో ఒంటరిగా మాట్లాడి, ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో అడుగుతాను. తర్వాత ఆరేడుగురిని పిలుస్తాను. వాళ్లలో ఏడిపించినవాళ్లు, చూసినవాళ్లు, ఒకరిద్దరు స్నేహితులు ఉంటారు. బాధపడ్డ పిల్ల ఆ గదిలో ఉండదు. ఎవరు చేశారని అడగను. ఆ పిల్లకు ఎలా ఉందో చెప్పి, మీలో ఒక్కొక్కరు ఏం చేయగలరు అని మాత్రమే అడుగుతాను. వారం తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చేసింది కనుక్కుంటాను.

"తప్పు చేసినవాణ్ణి వదిలేస్తున్నారా?" అని కోప్పడే తల్లిదండ్రులున్నారు. వాళ్ల కోపం న్యాయమే. ఫిన్లాండ్ స్కూళ్లలో సూటిగా నిలదీసే పద్ధతినీ, నింద వేయని పద్ధతినీ పోల్చి చూస్తే మొత్తం మీద రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి. కాబట్టి ఇదొక్కటే దారి అనను. గాయాలైనప్పుడు, లైంగిక వేధింపు ఉన్నప్పుడు ఈ పద్ధతి అసలు వాడకూడదు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

అపోహ: "ముల్లును ముల్లుతోనే తీయాలి. తిరిగి కొట్టమని నేనే చెప్పాను."

ఈ మాట ఎక్కువగా నాన్నలు అంటారు. మొదటి పది దెబ్బలు ఎవరూ చూడరు సార్, మీవాడు కొట్టిన పదకొండోది మాత్రం టీచర్ కంట్లో పడుతుంది. డైరీలో ఎక్కేది మీవాడి పేరే.

అపోహ: "దెబ్బకు దెయ్యం దిగుతుంది. టీసీ ఇచ్చి పంపేయండి."

కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇక తప్పు చేస్తే సస్పెన్షనే అన్న కఠిన విధానాల మీద అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కమిటీ 2008లో తన నివేదిక ఇచ్చింది. వాటివల్ల స్కూళ్లు సురక్షితమయ్యాయనడానికి ఆధారం దొరకలేదని చెప్పింది. శిక్ష పెద్దదైతే ఇంకొకటి కూడా జరుగుతుంది. స్నేహితుడికి టీసీ వస్తుందంటే చూసిన పిల్లలెవరూ చెప్పడానికి రారు.

అపోహ: "ఏడిపించేవాడు లోపల పిరికివాడు, పాపం ఎవరూ లేనివాడు."

కొందరు అలాంటివాళ్లే. కానీ చాలామంది క్లాసులో హీరోలు. వాళ్లలో ఆత్మవిశ్వాసం తక్కువన్న మాట తన పరిశోధనలో నిలబడలేదని ఓల్వేయస్ చెప్పారు. కీవా కూడా బాగా పేరున్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి అంతగా పనిచేయలేదు. డేవిడ్ యేగర్ బృందం 2015లో చేసిన సమీక్ష ప్రకారం, ఎనిమిదో తరగతి నుంచి ఇలాంటి కార్యక్రమాల ప్రభావం సగటున దాదాపు కనిపించకుండా పోతుంది. పద్నాలుగేళ్లవాడికి అసెంబ్లీలో నీతులు చెబితే అవమానంగా తీసుకుంటాడు. వాడికి కావలసింది నలుగురిలో గొప్ప. ఆ గొప్ప వేరే దారిలో దొరికితే? కుళాయిల దగ్గర బాటిళ్లు లాక్కున్న అబ్బాయికి మూడో తరగతి పిల్లలకు ఖోఖో నేర్పే పని ఇచ్చాం, విజిల్‌తో సహా. రెండు టర్మ్‌లు పట్టింది కానీ మారాడు. అదే పద్ధతి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి విషయంలో పనిచేయలేదు. తన కోసం ఇంకా వెతుకుతున్నాం.

అపోహ: "క్లాసులోకి పసిపాపను తీసుకురావడమేంటి, విడ్డూరం కాకపోతే!"

ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడం పిల్లలకు నేర్పడానికి టొరంటోలో మేరీ గోర్డన్ 1996లో 'రూట్స్ ఆఫ్ ఎంపతీ' పేరుతో ఇది మొదలుపెట్టారు. పక్కింటి తల్లి తన నెలల బిడ్డను విద్యాసంవత్సరం పొడవునా తరగతికి తీసుకొస్తుంది. పచ్చ దుప్పటి చుట్టూ పిల్లలు కూర్చుని, పాప ఎందుకు ఏడుస్తోంది, ఇప్పుడు ఏమనిపిస్తోంది అని గమనిస్తారు. మేం ఆ కార్యక్రమం చేయలేదు. ఆ ఆలోచన తీసుకుని పక్క అపార్ట్‌మెంట్‌లోని ఒక తల్లిని నెలకోసారి రమ్మన్నాం. దీనివల్ల బుల్లీయింగ్ ఆగిపోతుందని నేను చెప్పను. కానీ ఐదో తరగతి పిల్లలకు "కోపం", "బోర్" తప్ప వేరే మాట రాదు. పాపను చూస్తూ "కంగారు పడింది", "కొత్త మొహం చూసి బెదిరింది" అనడం నేర్చుకున్నారు. ఆ మాటలు తర్వాత ఒకరి గురించి ఒకరు అన్నారు.

అపోహ: "సీసీ కెమెరాలున్నాయిగా."

కెమెరాకు "గుల్టీ" అన్న మాట వినపడలేదు. నీళ్లు తాగడానికి రాని పిల్లవాడు కనపడలేదు.

సీబీఎస్‌ఈ 2015లోనే స్కూళ్లలో యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఉండాలని చెప్పింది. మీ స్కూల్లో ఉందో లేదో, అందులో ఎవరున్నారో అడగండి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి, మనసు బాగోలేక సతమతమవుతుంటే టెలి మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల షీట్ చూశాక ఇంకో ప్రశ్న అడగండి: ఇంటర్వెల్‌లో మంచినీళ్ల కుళాయి దగ్గర ఎవరుంటారు? సాయంత్రం ఇంటికొచ్చాక మీ పిల్లల వాటర్ బాటిల్ ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, పొద్దున మీరు నింపిన బరువే ఇంకా ఉందేమో.