అజాన్ వినపడగానే షట్టర్ దించాలా? అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో ఒక చిన్న మసీదులో ఇమామ్‌ని. మామిడికాయల సీజన్ మొదలైతే చాలు, నన్ను అడిగే మసాయిల్‌లో (ధర్మసందేహాల్లో) సగం మండీ గొడవలే.

అపోహ: అజాన్ అయ్యాక ఏ పూట అమ్మినా హరామ్ (నిషిద్ధం).

వాస్తవం: వ్యాపారం వదిలేసి రమ్మని ఖురాన్ 62వ సూరా (అధ్యాయం) 9వ ఆయత్‌లో (వాక్యంలో) ఉన్నది జుమ్మా, అంటే శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి చదివే నమాజు గురించే. మిగతా నమాజులకు అజాన్ తర్వాత అమ్ముకోవచ్చు, వేళ దాటకుండా నమాజు చదివితే సరి. గిరాకీ వంకతో రోజూ జమాత్ (మసీదులో అందరితో కలిసి చదివే నమాజు) ఎగ్గొట్టేవాళ్లను మాత్రం నేను వెనకేసుకురాను.

అపోహ: శుక్రవారమంతా అంగడి మూసెయ్యాలి.

వాస్తవం: ఆ తర్వాతి ఆయతే నమాజు కాగానే వెళ్లి బతుకుతెరువు చూసుకోమంటుంది.

అపోహ: జుమ్మా వేళ కుదిరిన బేరం చెల్లదు.

ఒక శుక్రవారం మొదటి అజాన్ అయ్యాక ఇద్దరు మనవాళ్లే లోడు తోతాపురికి బేరం కుదుర్చుకున్నారు. సాయంత్రానికి రేటు పడింది. కొన్నాయన పరుగున వచ్చాడు. "మౌల్వీ సాబ్, అజాన్ తర్వాతి బేరం కదా, రద్దేనా?" రేటు పెరిగి ఉంటే ఈ సందేహం వచ్చేదా అని అడగబోయి ఊరుకున్నాను.

వాస్తవం: సున్నీలలో నాలుగు మజ్‌హబ్‌లు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు ఉన్నాయి: హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ. మన దగ్గర ఎక్కువమంది హనఫీలం. హనఫీ మజ్‌హబ్‌లో ఆ వేళ అమ్మడం, కొనడం గునా (పాపం). బేరం మాత్రం చెల్లుతుంది. షాఫయీలూ చెల్లుతుందనే అంటారు. మాలికీలు రద్దు చేయమంటారు, హంబలీలు అసలు చెల్లదంటారు. తనకు లాభం ఉన్న రోజు మజ్‌హబ్ మార్చుకుంటానంటే కుదరదు. ఇద్దరూ తౌబా (పశ్చాత్తాపం) చేసుకోండి, నువ్వు డబ్బు కట్టు అన్నాను. కోర్టుకు పోయినా అంతే. 1937 షరియత్ చట్టం నికా, తలాక్, వారసత్వం, వక్ఫ్ లాంటివాటికే. సరుకు అమ్మకాలకు 1930 చట్టం ఉంది, దానికి అజాన్‌తో పని లేదు.

ఏ అజాన్ నుంచి లెక్క? ప్రవక్త కాలంలో ఇమామ్ మింబర్ (ప్రసంగ వేదిక) మీద కూర్చున్నాక ఇచ్చే అజాన్ ఒక్కటే. మదీనాలో జనం పెరిగాక ఖలీఫా ఉస్మాన్ బజారులో జౌరా అనే చోట ఇంకొకటి ముందుగా ఇప్పించారు. హనఫీలలో బలమైన మాట ఆ మొదటిదాని నుంచే, మిగతా ముగ్గురికీ మింబర్ అజాన్ నుంచి. మా మసీదులో రెండింటి మధ్య అరగంట. కొట్లాటంతా ఆ అరగంట మీదే.

అపోహ: గల్లాలో ఆడవాళ్లున్నా, హిందూ కుర్రాడున్నా మూసెయ్యాల్సిందే.

వాస్తవం: ఆడవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు (ముసాఫిర్లకు) జుమ్మా ఫర్జ్ (తప్పనిసరి) కాదు, హిందువులకు ఆ ప్రశ్నే లేదు. వాళ్లలో వాళ్లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. నమాజు ఎగ్గొట్టి వచ్చిన ముస్లిం మగవాడికి అమ్మితేనే చిక్కు. ముంబై లారీ డ్రైవర్ ముసాఫిరే, కానీ అతనికి సరుకు అమ్మే ఊరి సాహుకారు ముసాఫిర్ కాడు.

మా మసీదు ఎదురుగా టీ అంగడాయన హిందువు. శుక్రవారం రెండో అజాన్ కాగానే తనే స్టవ్ ఆపేస్తాడు. ఎందుకయ్యా అంటే, "ఇప్పుడు కాచినా తాగేవాళ్లెవరున్నారు సాబ్, మీరు ఖుత్బా (ప్రసంగం) తొందరగా ముగిస్తే పెడతా" అంటాడు.