బేరం ఆమెది, కార్డు ఆయనది

మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు పక్క బళ్ళు తీసే డ్రైవ్ అనగానే వైజాగ్‌లో ప్రతిసారీ వీధి వ్యాపారి కార్డు (సర్వే చేసి ఇచ్చే సర్టిఫికెట్) గురించి అదే గొడవ. కార్డు ఉన్నోళ్ళ జోలికి రాం అని అధికారులు ఒక పక్క, కార్డు మా ఆయన పేరు మీదుంది బండి దగ్గర ఉండేది నేను అని ఆడవాళ్ళు ఇంకో పక్క. వీధి వ్యాపారుల చట్టం ఎందుకొచ్చింది, అంతకుముందు కోర్టుల్లో ఏం నడిచింది అన్నది ఇప్పటికే చాలామంది రాశారు, అది మళ్ళీ చెప్పను. నా లెక్కలో అసలు సంగతి అంతా 2014లో ఉంది.

ఆ ఏడాది మే 1న చట్టం అమల్లోకి వచ్చింది. అయిదేళ్ళకి ఒకసారైనా వీధి వ్యాపారుల సర్వే చెయ్యాలి, సర్వే పూర్తయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు, ఊళ్ళో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులుండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఇంత బాగా రాసిన చట్టంలోనే ఇంకో మాట ఉంది, సర్టిఫికెట్ ఉన్న మనిషి వ్యాపారం తనైనా చెయ్యాలి లేదా కుటుంబ సభ్యులైనా చెయ్యాలి అని. మంచికే పెట్టారు, ఒంట్లో బాలేని రోజు ఇంట్లోవాళ్ళు కూర్చుంటారని. కానీ మన దగ్గర జరిగిందేంటంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరి కష్టం ఒక్క పేరు మీదకి వెళ్ళిపోయింది, కాగితాల లెక్కలో ఆమె ఉత్త కుటుంబ సభ్యురాలు అయిపోయింది.

దీన్ని నిలదీసి అడిగేవాళ్ళు అప్పుడు ఊళ్ళో ఎవరున్నారు? 2007లో గెలిచిన నగర కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) అధికారుల చేతుల్లోనే నడిచింది, వెండింగ్ కమిటీకి ఛైర్మన్ కూడా చట్టం ప్రకారం కమిషనరే. 2021లో 98 వార్డుల్లో సగం ఆడవాళ్ళకి రిజర్వయ్యాయి, మేయర్‌గా గొలగాని హరి వెంకటకుమారి వచ్చారు, అయితే అప్పటికే లిస్టులు, కార్డులు, 2020 జూన్‌లో మొదలైన స్వనిధి లోన్లు (వీధి వ్యాపారులకి కేంద్ర పథకం కింద ఇచ్చేవి) అన్నీ ఒక దారిలో పడిపోయాయి.

అధికారుల వైపు మాట కూడా ఉంది: సర్వే ఫారంలో స్త్రీ, పురుషుడు అన్న కాలమ్ ఉంది, వెళ్ళినప్పుడు బండి దగ్గర ఎవరుంటే వాళ్ళ పేరే రాశాం, పట్టణాల్లో పొదుపు సంఘాలు చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా దగ్గర ఆడవాళ్ళ వివరాలు ఉన్నాయి కదా అని.

ఎవరుంటే వాళ్ళ పేరు అన్న దగ్గరే ఉంది కిటుకంతా. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండా వేలంలో చేపలు కొని గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరిన మనిషి పదింటికి ఏ అక్కయ్యపాలెం సందులోనో కంచరపాలెంలోనో ఉంటుంది, తిరిగి అమ్మేవాళ్ళు కూడా చట్టం ప్రకారం వీధి వ్యాపారులే గానీ సర్వే కాగితం సందుల్లోకి వెళ్తుందా. కూరగాయల బండామె మధ్యాహ్నం వంటకి ఇంటికి వెళ్తుంది, ఆ గంటలో కాపలా కూర్చున్న భర్త పేరు ఫారంలోకి ఎక్కుతుంది. రోజులో ఎవరి టైమ్ దేనికి పోతోందో చూసే 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది, బండి దగ్గర ఆమె కనపడని టైమ్ ఎక్కడికి పోతోందో ఆ అంకెలోనే ఉంది. ఇక మెప్మా లెక్క అంటే పొదుపు సంఘాల లెక్క, లోన్ ఎవరు తీసుకున్నారో చెప్తుంది గానీ ఏ వీధిలో ఏ టైమ్‌లో కూర్చుంటుందో చెప్పదు.

ఇది కార్డు గొడవతో ఆగేది కాదు. స్వచ్ఛ భారత్ పట్టణ నిబంధనల్లో పబ్లిక్ టాయిలెట్లకి 100 నుంచి 400 మంది మగవాళ్ళకి ఒక సీటు, 100 నుంచి 200 మంది ఆడవాళ్ళకి రెండు సీట్లు అని ఉంది. పూర్ణా మార్కెట్ దగ్గర పొద్దుటినుంచి రాత్రిదాకా ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుంటున్నారో తెలీకుండా ఎన్ని సీట్లు కట్టాలో ఎలా తేలుస్తారు? అందుకే నీళ్ళు తాగకుండా గంటలు గంటలు కూర్చుంటారు చాలామంది. 2011 జనాభా లెక్కల్లో నగరంలో మగవాళ్ళు 8,73,599, ఆడవాళ్ళు 8,54,529. ఆ అంకె ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో చెప్తుంది, పొద్దున ఆరింటికి ఏ జంక్షన్లో నిలబడ్డారో చెప్పదు, 2027 మార్చి 1 తేదీతో రాబోయే జనగణన కూడా ఆ పని చెయ్యదు. అది జీవీఎంసీ సొంతంగా చేసుకోవాల్సిన లెక్క.

ఇంకొక్క సంగతి. కార్డున్న మనిషి చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో, జబ్బు పడితేనో ఆ కార్డు గడువు తీరేదాకా ఆ చోట భార్యో, లేదంటే ఆధారపడ్డ పిల్లలో అమ్ముకోవచ్చని చట్టంలో ఉంది. అంటే ఇరవై ఏళ్ళు బేరం చేసిన మనిషి మొగుడు పోయాకో మంచాన పడ్డాకో గానీ కాగితం మీద వ్యాపారి అవదు. వచ్చే సర్వేలో ఒక బండికి రెండు పేర్లు రాసే గడి పెట్టాలి, తెల్లవారుజామున ఒకసారి సాయంత్రం ఒకసారి వెళ్ళాలి, అదీ హార్బర్ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.